క్రీట్‌లో జర్మన్ పారాట్రూపర్లు రైఫిల్ లేకుండా ఎందుకు దూకారు?

కావలి కుర్రోడు:
1941 మే 20న గ్రీస్‌లోని క్రీట్ దీవి మీద దూకిన జర్మన్ ఫాల్‌షిర్మ్‌యేగర్ల (పారాషూట్ సైనికుల) గురించి చదువుతున్నా. ఏరికోరి తయారుచేసిన సైనికులు గదా, దిగేటప్పుడు చాలామంది దగ్గర పిస్టల్, గ్రెనేడ్లు తప్ప ఏమీ లేవంట. రైఫిళ్లు, మెషిన్‌గన్లు వేరే పెట్టెల్లో వదిలారంట. ఏడాది ముందు బెల్జియంలో ఎబెన్ ఎమాయెల్ కోటని పట్టుకున్నోళ్లు ఇట్టా ఎందుకు చేశారు? బరువు ఎక్కువనా, శిక్షణ చాలకనా? తెలిసినోళ్లు వివరంగా చెప్పండన్నా.

సింహపురి పాఠకుడు:
తమ్ముడూ, బరువూ కాదు, శిక్షణా కాదు. చిక్కంతా పారాషూట్ కట్టులో ఉంది. వాళ్లది ఆర్‌జెడ్ రకం. బ్రిటిష్ పారాషూట్‌కి పట్టీలు రెండు భుజాల మీద నుంచి పైకి పోతాయి, మనిషి నిటారుగా వేలాడతాడు, పట్టీ లాగి కాస్త పక్కకి జరగొచ్చు. ఆర్‌జెడ్‌లో తాళ్లన్నీ వీపు వెనకాల ఒకే చోట కలుస్తాయి. బావిలోకి దించిన మేకపిల్లలాగా మనిషి ముందుకి వాలి వేలాడతాడు. తాళ్లు చేతికి అందవు, దిశ మార్చుకునే మార్గమే లేదు.

పైగా దాంట్లో తాళ్లకంటే ముందు గొడుగు విచ్చుకుంటుంది, కుదుపు గట్టిగా తగులుతుంది. అందుకే తలుపులోంచి చేతులు చాపి తల ముందుకి పెట్టి దూకేవాళ్లు. నేలకి తగిలేది మోకాళ్లు, అరచేతులు. మోకాళ్లకి మందపాటి ప్యాడ్లు అందుకే. ఆ భంగిమలో ఒంటికి రైఫిల్ కట్టుకుంటే పక్కటెముకో దవడో విరుగుతుంది. కొందరు మెషిన్ పిస్టల్‌తో (వరసగా కాల్చే పొట్టి తుపాకీతో) దూకారు, మిగతావాళ్ల పెద్ద ఆయుధాలన్నీ పెట్టెల్లోనే.

ఉలవపాడు తోట:
పెట్టెల సంగతి నేను చెబుతా. యుంకర్స్ 52 విమానం ఒక్కోదాంట్లో 12, 13 మంది, వాళ్లతోపాటు నిలువెత్తుకి కాస్త తక్కువ పొడవున్న పెట్టెలు. ఏ దళానిదో తెలియడానికి రంగు పట్టీలు, లాక్కెళ్లడానికి చిన్న చక్రాలు కూడా ఉండేవి. దూకే ఎత్తు 120 మీటర్ల చిల్లర, అంటే తాటిచెట్టు మీద తాటిచెట్టు నాలుగైదు నిలబెట్టినంత. కిందికొచ్చేది ఇరవై సెకన్లలోపే. దిగాక ఛాతీ దగ్గర, తొడల దగ్గర బకిల్స్ విప్పుకోవాలి, పెట్టె ఎక్కడ పడిందో వెతకాలి, తెరవాలి. శత్రువు లేని చోటైతే సాగే పనే. క్రీట్‌లో ఆలివ్ తోటల్లో బ్రిటన్ పక్షాన ఉన్న న్యూజిలాండ్ సైనికులు తుపాకులు ఎక్కుపెట్టి కూర్చోనున్నారు. మాలెమె విమానాశ్రయానికి తూర్పున దిగిన బెటాలియన్‌లో సుమారు 600 మందికి 400 మంది దాకా చచ్చిపోయారు. చాలామంది పెట్టె దాకా పోనేలేదు.

అదే దీవిలో రెథిమ్నో ఊరి దగ్గర ఇంకొకటి జరిగింది. జర్మన్లు విమానాలకి సైగ చేయడానికి నేల మీద పరిచే గుర్తులు ఆస్ట్రేలియన్లకి దొరికాయి. వాళ్లు అవే పరిచారు, జర్మన్ విమానాలు సరుకు తెచ్చి వాళ్ల ముందే వదిలిపోయాయి.

కావలి కుర్రోడు:
మరి ఎబెన్ ఎమాయెల్‌లో ఈ ఇబ్బంది రాలేదా?

సింహపురి పాఠకుడు:
ఆడ పారాషూట్లే వాడలేదబ్బా. 1940 మే 10 తెల్లవారుజామున డీఎఫ్‌ఎస్ 230 గ్లైడర్లలో కోట పైకప్పు మీదే దిగారు. గ్లైడర్‌కి ఏడెనిమిది మంది, ఆయుధాలు చేతిలోనే, పేలుడు మందు పక్కనే. ఫిరంగి గుమ్మటాల మీద 50 కిలోల బోలు పేలుడు దిమ్మెలు పెట్టి పేల్చారు. వాటి అడుగున లోపలికి గొయ్యిలాగా వంపు ఉంటుంది, పేలుడు బలమంతా ఒకే చోటకి కూడి ఉక్కుని తొలిచేస్తుంది. దిగింది ఎనభై మంది చిల్లర, మర్నాడు లొంగింది వెయ్యిమంది పైన. క్రీట్‌లోనూ తవ్రొనీటిస్ ఏటి దగ్గర గ్లైడర్లు దిగాయి. ఎండాకాలం గుండ్లకమ్మలాగా ఇసుకా గులకరాళ్లూ ఉన్న ఏరు అది.

మాలెమె దక్కింది మాత్రం పారాట్రూపర్ల గొప్పతనం వల్లే అనుకోబాక. 107 నంబర్ గుట్ట మీదున్న న్యూజిలాండ్ బెటాలియన్ సమాచారం తెగిపోయి 20 రాత్రి వెనక్కి తగ్గింది. మర్నాడు యుంకర్స్ విమానాలు గుండ్లవానలోనే రన్‌వే మీద వాలి పర్వతదళాన్ని దించాయి. యుద్ధం మలుపు తిరిగింది ఆడ.

ఉలవపాడు తోట:
దీవి చేతికొచ్చాక జరిగింది వదిలేయకూడదు. ఊరివాళ్లు ఎదురుతిరిగారని జర్మన్ పారాషూట్ దళాల అధిపతి జనరల్ కుర్ట్ స్టూడెంట్ ప్రతీకారానికి ఆజ్ఞ ఇచ్చాడు. జూన్ 2న కొండొమారి ఊళ్లో మగవాళ్లని వరసగా నిలబెట్టి పారాట్రూపర్లే కాల్చారు. మర్నాడు కాండనోస్‌ని నేలమట్టం చేశారు. ఏరికోరిన దళం అని రాసేటప్పుడు ఈ రెండు ఊళ్ల పేర్లూ పక్కనే రాయాలి.

క్రీట్ నష్టం చూశాక హిట్లర్ అంత పెద్ద ఎత్తున పారాషూట్ దాడి మళ్లీ చేయించలేదు. ఒంటితో మోసుకుపోగల తుపాకీ కావాలని ఎఫ్‌జీ 42 తయారుచేయించారు, 20 తూటాల మేగజైన్‌తో. దళాలని మాత్రం కాలిబలంగా వాడారు. 1944 మార్చిలో ఇటలీలో కసీనో దగ్గర వీళ్ల ఒకటో పారాషూట్ డివిజన్‌కి ఎదురు నిలిచినవాళ్లలో మన 4వ ఇండియన్ డివిజన్ ఉంది. గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్ ఒకటి హ్యాంగ్‌మన్స్ హిల్ అనే చరియ మీద వారం పైన చిక్కుకుంది. వాళ్లకీ తిండీ, తూటాలూ పారాషూట్ల మీదే వేశారు. చరియ ఇరుకు, చాలా మూటలు దొర్లుకుంటూ జర్మన్ల వైపుకే పోయాయి.