అబుధాబిలోని షేక్ జాయెద్ మసీదుకు అమ్మను తీసుకువెళ్లాలంటే ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (వరంగల్ నుంచి):
అందరికీ నమస్కారం. డిసెంబరులో మా అమ్మగారితో దుబాయిలోని తమ్ముడింటికి వెళ్తున్నాను. ఒక రోజు అబుధాబి వెళ్లి ఆమెకు షేక్ జాయెద్ మసీదు చూపించాలని నా కోరిక. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, చీర తప్ప మరొకటి కట్టరు. ముస్లిమేతరులను లోపలికి రానిస్తారా? చీరతో వెళ్లవచ్చా? నడక ఎంత ఉంటుంది?

సమాధానం (షార్జా నుంచి):
అన్ని మతాలవారికీ ప్రవేశం ఉంది, రుసుము లేదు. అయితే మసీదు వెబ్‌సైట్‌లో తేదీ, సమయం ముందుగా నమోదు చేసుకొని, వారు పంపే పాసును ఫోనులో ఉంచుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు ఉంటుంది కనుక ఆ రోజును వదిలేయండి. ఇక చీర సంగతి: నడుము, చేతులు కనిపించకూడదు, తల కప్పుకోవాలి. మా అత్తగారిని తీసుకువెళ్లినప్పుడు చీర మీదనే ఒళ్లంతా కప్పే వదులైన అబాయా (పొడవాటి అంగీ) తొడిగి, తలకు షేలా (తలగుడ్డ) చుట్టాము; ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. మీ తమ్ముడు కూడా నిక్కరు వేసుకొని రాకూడదు.

సమాధానం (అబుధాబి నుంచి):
అసలు చూసుకోవలసింది నడకేనండి. సందర్శకులు భూగర్భంలో ఉన్న సూక్ అల్ జామి బజారు గుండా మసీదుకు వెళ్లాలి. ఆ దారి పొడవైనదే కానీ కదిలే నడకదారులు ఉన్నాయి, పెద్దవారికి విద్యుత్ బండ్లు కూడా దొరుకుతాయి. సిబ్బందిని అడగడానికి మొహమాటపడకండి. దుబాయిలోని ఇబ్న్ బతూతా బస్ స్టేషన్ నుంచి ఈ101 బస్సు ఉన్నా, అమ్మగారితో కారులో రావడమే సుఖం. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు చేరుకోండి. 82 గుమ్మటాల తెల్లని పాలరాయిని పగటి వెలుగులోనూ, దీపాలు వెలిగాక చుట్టూ ఉన్న కొలనుల నీటిలోనూ చూడవచ్చు. ఆ దీపాల రంగు చంద్రకళలను అనుసరించి మారుతుంది. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నా, పౌర్ణమినాటి తెలుపు ఇప్పటికీ నన్ను నిలబెట్టేస్తుంది.

సమాధానం (నిజామాబాద్ నుంచి):
ప్రధాన ప్రార్థనా మందిరంలో అందరూ తల పైకెత్తి షాండిలియర్లనే చూస్తారు. మీరు కింద ఉన్న తివాచీని కూడా అమ్మగారికి తప్పక చూపించండి. 5,600 చదరపు మీటర్లకు పైగా ఉన్న ఆ తివాచీని ఇరాన్‌లో సుమారు 1,200 మంది చేతులతో నేశారు. దాన్ని భాగాలుగా తెచ్చి ఇక్కడ ఒకటిగా కుట్టారు. మగ్గం ఎరిగిన వరంగల్ వారికి ఆ శ్రమ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 2004లో మరణించిన యూఏఈ తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ సమాధి ఆవరణలోనే ఉంది; అక్కడ మాత్రం ఫోటోలు తీయకూడదు.