వేరేవాళ్ళు చేత్తో అతికిన బొంతకి మిషన్ కుట్టు వేయాల, అంచు జాలరు పడతా ఉంది, ఎట్టా?

కావలి_కుట్లు:
అందరికీ నమస్తే. మాది కావలి పక్కన పల్లె. జాకెట్లు, ఫాల్సులు కుట్టుకుంటా ఉండేదాన్ని, రెండేళ్ళ నుంచి బొంతలు కూడా వస్తా ఉండాయి. బొంత మొత్తం నేను కుట్టను, పైన ముక్కలన్నీ వాళ్ళే ఇంట్లో చేత్తో అతుక్కోని తెస్తారు, నేను అడుగుబట్టా మధ్యలో పొరా వేసి మిషన్ మీద కుట్టి చుట్టూ అంచు కట్టిస్తా.

ఇప్పుడొచ్చిన దానితోనే నాకు దిగులు. ఒక పెద్దామె, డెబ్భై దాటుంటాయి, వాళ్ళాయన గళ్ళ లుంగీలూ ఆమె పాత వెంకటగిరి చీరలూ కత్తిరించి మూడేళ్ళు కూర్చోని అతికిందంట. ఇప్పుడు చూపు ఆనడం లేదని కూతురు తెచ్చి నా దగ్గర పెట్టి సంక్రాంతి లోపల ఇచ్చేయక్కా అని పోయింది. 60 అంగుళాల వెడల్పు, 90 పొడుగు. బండల మీద పరిచి చూస్తే మధ్యలో బాగానే కూర్చుంది గానీ అంచు మాత్రం లంగాకి జాలరు పెట్టినట్టు లేస్తా ఉంది. టేపు పెడితే మధ్యలో 60, అంచు దగ్గర 63.

పోయినేడు ఇట్టాంటిదే ఒకటి పాడు చేశా. ముందు చుట్టూ కుట్టేసి లోపలికి వచ్చా, మధ్యలో పూరీ పొంగినట్టు పొంగింది, వెనక్కి తిప్పితే అన్నీ మడతలే. విప్పి మళ్ళీ కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది, ఆమె నన్నేమీ అనలేదు గానీ మళ్ళీ నా గడప తొక్కలా. ఈ పెద్దామెది అట్టా కాకూడదు. అంచుని ఏం చేయాల, మధ్యలో ఏం వేయాల, అట్నే రేటు కూడా చెప్పండి, ఇప్పటిదాకా బొంతకి 500 తీసుకుంటా ఉండా. మిషన్ మామూలు ఉషానే, మోటారు పెట్టించా.

ఒంగోలు_బొంతలక్క:
చెల్లీ, అంచు లేవడానికి కారణం చెప్తా విను. అంచుకి పొడుగు పట్టీ తీసుకోని కొలవకుండా ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టుకుంటా పోయి, మిగిలింది కత్తిరించేసుంటారు, అందరం చేసే తప్పే అది. కుట్టేటప్పుడు పట్టీ కొంచెం కొంచెం ఎక్కువ లోపలికి పోతా ఉంటది. లుంగీ ముక్క ఐమూలగా కత్తిరించి ఉంటే ఇంకా సాగుద్ది. మూడంగుళాలు తేడా ఉందంటే ఇస్త్రీతో పోయేది కాదు, అంచు విప్పాల్సిందే. విప్పి, మధ్యలో మూడు చోట్ల కొలిచి ఆ మూడింటికీ సగటు ఎంతొస్తే అంతకే రెండు పక్కల పట్టీలూ కత్తిరించు, మధ్య మధ్యకీ చివర చివరకీ ముందు పిన్నీసులు పెట్టి అప్పుడు కుట్టు.

కానీ విప్పే ముందు వాళ్ళని అడుగు. ఫోన్లో కాదు, పిలిచి బండల మీద పరిచి చూపించి అడుగు. మనకది మూడంగుళాల తప్పు, ఆమెకి మూడేళ్ళ పని.

పూరీ పొంగిన సంగతికొస్తే రెండు తప్పులు జరిగుంటాయి. ఒకటి నువ్వే చెప్పావు, బొంత ఎప్పుడూ నట్టనడుమ మొదలుపెట్టి బయటికి పోవాల, మిగులు బట్ట అంచుల వైపు జరుగుద్ది. రెండోది కచ్చా సరిగ్గా వేసుండవు, అంటే మిషన్ ఎక్కించే ముందు పొరలు కదలకుండా పిన్నీసులతోనో పొడుగు కుట్లతోనో పట్టించడం. మిషన్ కింద పళ్ళు అడుగుబట్టని లాగుతాయి, పైన పాదం పైబట్టని వెనక్కి నెడుద్ది, మూడు పొరలూ ఒక్క లెక్కన నడవవు, అందుకే వెనక మడతలు. వాకింగ్ ఫుట్ అని ఒక పాదం దొరుకుద్ది, అది పైన కూడా పళ్ళలాగా పట్టుకోని నడుపుద్ది, నీ మిషన్‌కి పడేది తెప్పించుకో, చానా తేడా తెలుస్తది. అడుగుబట్టని తిరగేసి బండల మీద బిర్రుగా పరిచి చుట్టూ టేపు అంటించు, మరీ లాగొద్దు, లాగితే టేపు తీసినాక ముడుచుకుంటది. దాని మీద పొర, దాని మీద పైబట్ట, అరచేత్తో మధ్య నుంచి బయటికి తోసుకుంటా వచ్చి బెత్తెడుకొక పిన్నీసు పెట్టు. విసుగొస్తది, నాకూ వస్తది, అయినా పెట్టు.

అడుగుబట్టకి కొత్తగుడ్డ కొనొద్దు. ఐదున్నర మీటర్ల చీరని అడ్డంగా సగానికి కత్తిరిస్తే ఒక్కోటి 108 అంగుళాలు, రెండూ పక్కపక్కన అతికితే 90 అంగుళాల వెడల్పు దాకా వస్తది, నీ బొంతకి నాలుగు పక్కలా మిగులుద్ది. పాలిస్టర్ పొర మాత్రం వేయొద్దమ్మా, మన ఎండలకి ఎవరు కప్పుకుంటారు దాన్ని. పాత నూలు చీర ఇంకొకటి మధ్యలో వెయ్యి, చాలు. దూది మందంగా వేస్తే కార్తీకంలో ముసురు పట్టినప్పుడు ఉతికితే వారం ఆరదు, వాసనొస్తది.

పొదిలి_పాతటైలర్:
అక్క చెప్పినవన్నీ కరెక్టే. నేను కలిపేది సూది గురించి. వెంకటగిరి నూలు బాగా సన్నం, ఉతికి ఉతికి ఇంకా పలచబడి ఉంటది, 16 నంబరు సూది దించితే బెజ్జాలు పడి అక్కడే చిరుగుద్ది. 11 వేసి చూడు, లుంగీ అతుకు దగ్గర సూది వంగుతుంటే 14, అంతకు మించి పోవద్దు. పాదం మీద ఒత్తిడి స్క్రూ పైన ఉంటది గదా, రెండు చుట్లు వదులు చెయ్. కుట్టు మరీ దగ్గర పెట్టొద్దు, అంగుళానికి 8 నుంచి 10. దారం నూలుదే వాడు.

ఇంకోటి, బొంత బరువంతా కిందకి వేలాడితే అదే బట్టని లాగేసి కుట్లు దగ్గరదగ్గరగా పడతాయి. ఎడమ పక్కన మంచమో బల్లో మిషన్ ఎత్తుకి వేసుకో. కుడి సగం చాప చుట్టినట్టు చుట్టి మిషన్ చెయ్యి కింద తోసుకో, ఆ సందు జానెడు కూడా ఉండదు కాబట్టి గట్టిగా చుట్టాల.

డల్లాస్‌లో_దర్శి_అమ్మాయి:
హాయ్ అక్కా, మాది దర్శి, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నా. ఇక్కడ మీరు చేసే పనే పెద్ద వృత్తి తెలుసా, లాంగార్మ్ అంటారు, పది పన్నెండడుగుల ఫ్రేము ఉంటది, బొంతని దానికి చుట్టి బిగిస్తారు, బట్ట కదలదు, మిషనే పట్టాల మీద అటూ ఇటూ తిరుగుద్ది. పిన్నీసుల పనే లేదు. ఫ్రేముకి బిగించాలి కాబట్టి అడుగుబట్ట నాలుగు పక్కలా 4 అంగుళాలు ఎక్కువ తెమ్మంటారు. రేటు చదరపు అంగుళం లెక్క. నేను ఇచ్చే ఆవిడ ఒకటే డిజైన్ ఈ అంచు నుంచి ఆ అంచుకి వేస్తే 2.5 సెంట్లు తీసుకుంటది, మీ 60, 90 బొంత అంటే 5,400 చదరపు అంగుళాలు, 135 డాలర్లు అవుద్ది. ముక్క ముక్కకీ వేరే డిజైన్ కావాలంటే దాన్ని కస్టమ్ అంటారు, దానికి రెండింతలు పైనే. అంచు అలలుగా ఉన్న బొంత తెస్తే ముందే చెప్పేస్తది, విప్పి సరిచేసి తెస్తావా, డబ్బులిచ్చి నన్ను చేయమంటావా అని.

మీరు 500 అంటే నాకు బాధేసింది. డాలర్ లెక్క అక్కడ నడవదు నాకు తెలుసు, కానీ గంటలు లెక్కేసుకోండి. పిన్నీసులకి రెండు, కుట్టడానికి ఏడు, అంచుకి రెండు వేసుకున్నా 11 గంటలు, గంటకి 45 రూపాయలు వస్తుంది, అందులోనే దారం, కరెంటు.

గూడూరు_నాగరాజవ్వ_మనవడు:
నేను వేరే మాట చెప్తా, తిట్టుకోబాకండి. చేత్తో అతికినదానికి మిషన్ ఎందుకు? మా అవ్వ బొంత మీద దారం వంకరటింకరగా పోయుంటది, అదే దాని అందం. మిషన్ వేస్తే కొట్లో కొన్నట్టుంటది. కూతురు చేత్తోనే నాలుగు కుట్లు వేసుకోవచ్చు గదా.

డల్లాస్‌లో_దర్శి_అమ్మాయి:
అన్నా, ఇక్కడ కూడా ఇదే గొడవ జరిగింది, మిషన్ కుట్టు అసలు బొంత పనే కాదనేవాళ్ళు. 1989 లో కెంటకీ రాష్ట్రం పడూకాలో జరిగే పెద్ద పోటీలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మిషన్ మీద కుట్టిన దానికే మొదటి బహుమతి వచ్చింది, మిషన్‌దానికి అక్కడ అది రావడం అదే మొదలు. పెద్ద రభసే అయింది. ఇప్పుడెవరూ అడగరు.

ఒంగోలు_బొంతలక్క:
గూడూరు తమ్ముడూ, కూతురికి తీరికుంటే తెచ్చిచ్చేదా? మూడేళ్ళ అతుకు బీరువాలో ఎలకలకి పెట్టే కంటే మిషనే నయం. కానీ నీ మాటలో ఒకటి నిజం, ఆమె అతుకుల మీద అడ్డదిడ్డంగా పూలూ లతలూ కుట్టొద్దు, పైనున్న పని కనపడకుండా పోద్ది. అతుకు పక్కనే ఆనించి కుట్టు. లుంగీ ముక్కల్లో గళ్ళు ఉండనే ఉంటాయి, ఆ గీతల వెంబడే పో, సుద్దముక్క కూడా అక్కర్లేదు. చీర ముక్కలకి మెలిక ముగ్గు ప్రయత్నించొచ్చు, చుక్కలు పెట్టి దారం తెంపకుండా చుట్టూ తిరిగి మొదలుకే వస్తది గదా, కాకపోతే దానికి పళ్ళు కిందకి దించి చేత్తో బట్టని తిప్పాల, అలవాటు కావాల.

ఇంకా ఎర్రచీర ముక్కలుంటే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడు. రంగు అంటితే ముందే చెప్పెయ్ వాళ్ళకి. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగుద్ది అంటారు, నమ్మి ఒకసారి మునిగా నేను.

కావలి_కుట్లు:
అందరికీ థాంక్స్, ఏం జరిగిందో చెప్దామని వచ్చా. పెద్దామెనే ఆటోలో పిలిపించా. అంచు లేస్తందమ్మా అని చెయ్యి పట్టి తాకించా. నాకు తెలుసులే, పట్టీ కుట్టేటప్పటికి కళ్ళు మసకలు, విప్పెయ్ అనింది. నేనే రెండ్రోజులు భయపడుకుంటా కూర్చున్నా, ఆమెకి అసలు పట్టింపే లేదు.

మెలిక ముగ్గు చిల్లర గుడ్డ మీద వేసి చూశా, వంపుల దగ్గర కుట్లు ఒకటి పొడుగు ఒకటి పొట్టి పడతా ఉండాయి, ఆమె బొంత మీద నేర్చుకోవడం ఎందుకని మానేశా. లుంగీ గళ్ళ వెంబడి, చీర ముక్కలకి అతుకు పక్కన, అంతే. వాకింగ్ ఫుట్ కావలిలో దొరకలా, నెల్లూరు నుంచి తెప్పించుకున్నా. 11 నంబరు సూదులు మూడు విరిగినాయి అన్నా, అతుకులు నాలుగు కలిసే చోట 14 పెట్టా.

రేటు చదరపు అడుగుకి 35 అని ముందే చెప్పా. ముప్పై ఏడున్నర అడుగులకి 1,312 అయింది, 1,300 తీసుకున్నా, అంచు విప్పినదానికి వేరే అడగడానికి నోరు రాలా. కూతురు పైనంతా చూసి బాగుంది బాగుంది అంటా ఉంటే పెద్దామె బొంతని వెనక్కి తిప్పి ఈ చివర నుంచి ఆ చివరదాకా అరచేత్తో తడుముకుంటా పోయి, మడతల్లేవే అనింది.

నిన్న ఇంకొకామె ఫోన్ చేసింది, పాత పట్టుచీరల ముక్కలు అతికి పెట్టుకోనుందంట. పొదిలి అన్నా, పట్టుకి ఏ సూది, అది జారకుండా కచ్చా ఎట్టా వేయాల?