‘జట్టు కట్టడమా’, ‘జట్టు కూర్చడమా’: పోకెమాన్ ఆట నుంచి వచ్చిన ఒక సందేహం

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను కాలేజీ రోజుల్లో కొనుక్కున్న పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద మా అమ్మాయి ఈ వేసవిలో 2004 నాటి పోకెమాన్ ఫైర్‌రెడ్ ఆట మొదలుపెట్టింది. తెనాలిలో ఉన్న అమ్మమ్మకు తెలుగులో ఉత్తరం రాయమంటే ఆ ఆట గురించే రాసింది. అందులో “నేను నా వ్యక్తిగత జట్టును నిర్మిస్తున్నాను” అన్న వాక్యం ఉంది. చదివిన అమ్మమ్మ ఫోను చేసి “నిర్మించడానికి అదేమన్నా గుడా, బడా?” అని నవ్వింది. వాక్యంలో వ్యాకరణదోషం ఏదీ లేకపోయినా అది తెలుగు వాక్యంలా లేదని నాకూ అనిపించింది. ఏమని దిద్దాలో మాత్రం తోచలేదు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఆడేవారు ఊళ్లూ అడవులూ తిరుగుతూ వింత జీవాలను పట్టి, పెంచి, ఇతరుల జీవాలతో పోటీకి దించుతారు. ఒకసారికి ఆరింటిని మాత్రమే వెంట ఉంచుకోవచ్చు. ఏడోదాన్ని పట్టగానే అది కంప్యూటరులోని పెట్టెలోకి పోతుంది. ఆ ఆరింటినీ కలిపి ఇంగ్లీషులో టీమ్ అనీ పార్టీ అనీ అంటారు. దీనికి తెలుగులో ఏ మాట తగినది, దాని పక్కన ఏ క్రియ ఇమిడిపోతుంది?

ఒక సభ్యుని సమాధానం

పోరాడే జీవాలు కనుక ‘దళం’ అంటే బిగువుగా ఉంటుందని నా అభిప్రాయం. ‘బృందం’ అన్నా తప్పు లేదు. ఇక ‘నిర్మించు’ విషయంలో మీ అత్తగారో అమ్మగారో నవ్వినంత మాత్రాన దాన్ని తీసివేయనక్కరలేదు. పార్టీ నిర్మాణం, ఉద్యమ నిర్మాణం అన్న మాటలను పత్రికల్లో రోజూ చదువుతూనే ఉన్నాం కదా.

మరొక సభ్యుని సమాధానం

ఈ ఆటను నేను బడిలో ఉన్నప్పటి నుంచీ ఆడుతున్నాను, ఇప్పుడు బడిలో తెలుగు చెబుతున్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తే మన్నించాలి.

ముందు నామవాచకం సంగతి చూద్దాం. పై మిత్రులు సూచించిన ‘దళం’ సంస్కృతంలో ఆకూ అవుతుంది, సేనా అవుతుంది; కాని మా ఉత్తర తెలంగాణ పల్లెల్లో నా ఈడువారికి ఆ మాట వినగానే గుర్తుకొచ్చేది అర్ధరాత్రి తలుపు చప్పుడే గాని ఈ ఆటలోని పికాచు కాదు. ‘బృందం’ కరవును పరిశీలించడానికి కేంద్రం నుంచి వచ్చేవారి మాట. ఆరు జీవాలను బృందం అంటే అవి సాయంత్రానికి ఏదో నివేదిక సమర్పించేలా కనిపిస్తాయి. ‘మంద’కు కాపరి ఉంటాడు గాని తోడు ఉండడు. ‘దండు’ లెక్కకు అందని మిడతలకు తగును, ఆరింటికి తగదు. ‘బలగం’ ఎంత చక్కని మాటైనా, బలగాన్ని ఎవరూ పోయి ఎంచుకోరు. అది పుట్టుకతోనూ పెళ్లితోనూ వచ్చి చేరుతుంది. ఇక ‘పార్టీ’ అన్న మాటను ఉన్నదున్నట్టు తెచ్చుకుందామంటే, “నా పార్టీలోంచి ఒకరు పోయి మరొకరు వచ్చారు” అన్న వాక్యాన్ని తెలుగువారు ఫిరాయింపు కింద తప్ప మరొక విధంగా చదవలేరు.

అలా ఒక్కొక్కటే పక్కకు పోగా ‘జట్టు’ మిగులుతుంది. క్రికెట్ వార్తల వల్ల ఇది టీముకు అనువాదంగా స్థిరపడింది గాని, దీని అసలు ఊపిరి పిల్లల ఆటల్లో ఉంది. “నాతో జట్టు కడతావా?”, “నీతో నాకు జట్టు లేదు, కటీఫ్” అనే చోట జట్టు అంటే మనుషుల గుంపు కాదు, ఇద్దరి మధ్య కుదిరిన చెలిమి. ఆ పాత అర్థమే మనకు ఇక్కడ పనికివచ్చేది. బియ్యం మిల్లుల్లోనూ మార్కెట్ యార్డుల్లోనూ బస్తాలు మోసేవారిని జట్టు కూలీలు అంటారు; అక్కడ బరువునూ కూలినీ పంచుకునే కూటమి అన్న అర్థం ఉంది. ఈ రెండో అర్థంతోనూ తర్వాత పని పడుతుంది.

ఇప్పుడు క్రియ దగ్గరికి వద్దాం, అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమ్మమ్మగారు నవ్వింది జట్టును చూసి కాదు, నిర్మించడాన్ని చూసి. తెలుగులో జట్టుకు సొంతమైన క్రియలు రెండున్నాయి: కట్టడం, కూర్చడం. ఇవి పర్యాయపదాలు కావు. “వాడు జట్టు కట్టాడు” అన్నప్పుడు కట్టినవాడు ఆ జట్టులో ఒకడు. తాను లేని జట్టును తాను కట్టలేడు. “ఆయన జట్టును కూర్చాడు” అన్నప్పుడు కూర్చినవాడు బయట నిలబడి ఉన్నాడు; పద్యాలను ఏరి సంకలనం చేసిన కూర్పరి పద్యం కానట్టే, సెలెక్టరు ఆటగాడు కానట్టే. నిర్మించడంలోనూ ఈ బయటితనమే ఉంది, పైగా సిమెంటు వాసన కూడా ఉంది. పార్టీ నిర్మాణమూ ఉద్యమ నిర్మాణమూ చెల్లుతున్నది అవి నిజంగానే అంతస్తులున్న కట్టడాలు కావడం వల్ల.

కనుక ప్రశ్న ఇలా మారుతుంది: పోకెమాన్ ఆడేవారు తమ జట్టులో ఉన్నట్టా, లేనట్టా? దీనికి ఆటలోనే రెండు జవాబులు ఉన్నాయి, ఎందుకంటే ఈ ఆటను రెండు విధాలుగా ఆడతారు.

పోటీలకు ఆడేవారి తీరు ఒకటి. అధికారికంగా జరిగే జంట పోటీల్లో ఆరింటిని తెచ్చి, ఎదుటివారి ఆరింటినీ చూసి, అందులోంచి నాలుగింటిని బరిలోకి దించుతారు. ఆ ఆరింటినీ ఎంచడానికి వారు చేసే లెక్క బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిది. అగ్ని, జలం, విద్యుత్తు వంటి తత్వాలు ఇప్పుడు 18 ఉన్నాయి. ఏది దేనికి లొంగుతుందో, తమ ఆరింటిలో ఒకదాని లోటును మరొకటి ఎలా పూడుస్తుందో చూస్తారు. శిక్షణతో పెరిగే అంశాలకు ఉన్న పాయింట్ల పరిమితిని దాటకుండా ఏ గుణానికి ఎంత ఇవ్వాలో పంచుతారు. స్వభావాలు 25 ఉంటాయి. 2019 దాకా వచ్చిన ఆటల్లో కోరిన స్వభావం రాని జీవాలను డజన్ల కొద్దీ పక్కన పడేసేవారు. జపాను ఆటగాళ్లు ఈ పనిని ‘గెన్‌సెన్’ అంటారు, ఖచ్చితంగా ఏరడం అని దాని అర్థం. ఇది జట్టు కూర్చడమే, ఇందులో సందేహం లేదు.

పాప ఆడుతున్నది మరొక తీరు. కథలో మొదటి ఊరిలోనే ముగ్గురిలో ఒకరిని ఎంచుకోమంటారు: గడ్డి తత్వపు బల్బసార్, నిప్పు తత్వపు చార్మాండర్, నీటి తత్వపు స్క్వర్టిల్. దాటవలసిన పెద్ద ప్రత్యర్థుల్లో మొదటివాడైన బ్రాక్ దగ్గర ఉండేవి నిప్పును లొంగదీసే రాతి జీవాలు కాబట్టి లెక్క తెలిసినవారు చార్మాండర్ జోలికి పోరు. అయినా మా తరంలో ఎంతమంది తోక మీద మంట చూసి దాన్నే ఎంచుకుని బ్రాక్ దగ్గర ఓడి ఓడి ముందుకు పోలేదు! దారిలో ఒకడు మాజికార్ప్ అనే చేపను 500కు అంటగడతాడు. మొదట్లో దానికి వచ్చిన విద్యల్లా నేల మీద ఎగిరిపడటం, దానివల్ల ఎదుటిదానికి చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. దాన్ని ప్రతి పోటీలోనూ ముందు నిలబెట్టి, వెంటనే వెనక్కి పిలిచి, మరొకదాన్ని దించి గెలిపిస్తే అనుభవంలో దానికీ వాటా వస్తుంది. అలా చేయి పట్టుకుని 20వ స్థాయి దాకా నడిపిస్తే అది గ్యారడోస్ అనే భీకరమైన జీవంగా మారుతుంది. ఇలాంటి పనులు చేసేవాడు కూర్పరి కాడు. ప్రయాణంలో ఎదురైనవాటితో ప్రయాణం కోసం కుదుర్చుకున్న ఈ రకం జట్టును జపాను వారు ‘తబిపా’ అంటారు. తబి అంటే యాత్ర. అంటే అక్కడా ఈ రెండింటికీ ఒకే మాట సరిపోలేదన్నమాట. ఇది జట్టు కట్టడం.

మనకు ‘ఏరికోరి’ అన్న జంట మాట ఉంది. పోటీవారిది ఏరడం, పాపది కోరడం.

‘వ్యక్తిగత’ మాట కూడా తీసివేయాలి. వ్యక్తిగతమైనది జట్టు ఎలా అవుతుంది? ‘సొంత’ కొంత మెరుగు. కాని తెలుగులో దానికన్నా సహజమైనది ‘మా’. మనం నా పెన్ను, నా సైకిలు అంటాం గాని మా ఊరు, మా అమ్మ, మా ఆవు అంటాం. ఇంట్లో లెక్కకు వచ్చేది ఏదైనా ‘మా’లోకి పోతుంది, వాడి పక్కన పెట్టేది ‘నా’లో ఉంటుంది. పాప “నా జట్టు” అని రాసింది ఇంగ్లీషు వల్ల. నోటితో చెప్పేటప్పుడు “మా బల్బసార్” అంటుందేమో గమనించండి.

చివరగా అంకె. ‘ఆరు’ అనాలా, ‘ఆరుగురు’ అనాలా? ఏకవచనంలో ఈ ఇబ్బంది తెలియదు, ఎందుకంటే మన భాషలో ఆమె వచ్చినా ఆవు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. బహువచనంలో మాత్రం వచ్చారో వచ్చాయో తేల్చుకోవలసిందే. వ్యాకరణం ప్రకారం ఇవి అమహత్తులు, అంటే మనుషుల లెక్కలోకి రానివి, కాబట్టి ‘ఆరు వచ్చాయి’ అనాలి. నా చెవికి మాత్రం జట్టు కట్టడం పక్కన ‘ఆరుగురితో’ అన్నదే అతుకుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత ఆటల్లో దారికి అడ్డొచ్చిన చెట్లు నరకడం, నీళ్లు దాటించడం, బండలు తోయడం వంటి పనులకు వేరే విద్యలుండేవి. ఒక్కో జీవానికి నాలుగు విద్యలే పడతాయి కాబట్టి, మంచివాటి చోటు పాడుచేయకుండా ఈ పనులన్నీ నేర్పి ఒక అనామకపు జీవాన్ని వెంట తిప్పేవాళ్లం. పోటీలో దాన్ని ఎన్నడూ దించేవాళ్లం కాదు. ఇంగ్లీషు ఆటగాళ్లు దాన్ని బానిస అనే మాటతో పిలిచేవారు, నాకది ఎప్పుడూ రుచించలేదు. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటల్లో ఆ విద్యలనే ఎత్తివేశారు. అందాకా అది బస్తాలు మోసే అర్థంలో మాత్రమే జట్టులో ఉండేది; ఆరుగురిలో దాన్ని కలపాలా అన్నది నేను తేల్చుకోలేకపోయాను.

గోదావరి జిల్లా సభ్యుని సమాధానం

నాకు ఈ ఆట తెలియదు, కాని పైవారు చెప్పిన తత్వాల లెక్క చదువుతుంటే మా వైపు కుక్కుట శాస్త్రం గుర్తుకొచ్చింది. కాకి, డేగ, నెమలి అంటూ ఈక రంగును బట్టి పుంజులకు పేర్లు పెట్టి, ఏ రోజున ఏది దేని మీద గెలుస్తుందో చెప్పే శాస్త్రం అది. అయినా పుంజులు సాకేవారు ఎవరూ తమ పుంజులను జట్టు అనరు, ఎందుకంటే బరిలోకి దిగాక ఏ పుంజు పందెం దానిదే, ఒకదాని లోటును మరొకటి పూడ్చేది లేదు. ఒకటి పడితే మరొకటి దిగే పద్ధతి మీ ఆటలో ఉంది కాబట్టి జట్టు అన్న మాట సరైనదే.

ఓడిన జీవాన్ని ఏమనాలో ఎవరూ అడగలేదు గాని, దానికి మాట వెతకనక్కరలేదు. చెడుగుడులో పట్టుబడినవాడు ‘చచ్చాడు’, తనవాళ్లు ఎదుటివాడిని పడగొడితే మళ్లీ ‘బతికాడు’. ఆ చావును చూసి ఏ తల్లీ భయపడలేదు.

మరొకటి. మా చిన్నప్పుడు జట్లు పడేటప్పుడు సమాన బలం ఉన్న ఇద్దరు ఉద్దులుగా పక్కకు పోయి, చెరొక దొంగపేరు పెట్టుకుని వచ్చి నాయకులిద్దరినీ కోరుకోమనేవారు. ఎవరికి ఎవరు దక్కుతారో నాయకుడికి తెలిసేది కాదు. కాబట్టి జట్టు కట్టడంలో కోరడం కూడా సగమే, దక్కడం మిగతా సగం.

తెలుగు చెప్పే సభ్యుని జవాబు

చచ్చాడు, బతికాడు అన్న మాటలు ఈ ఆటకు అచ్చంగా సరిపోతాయండీ. పడిపోయిన జీవాన్ని వైద్యశాలకు తీసుకుపోతే క్షణంలో లేచి కూర్చుంటుంది. ఇంగ్లీషు ఆటలో దీన్ని మూర్ఛ అంటారు, జపానులో ‘హిన్షి’ అంటారు, అది చావుకు దగ్గరైన స్థితి. 2010 నుంచి ఆటగాళ్లు తమకు తామే పెట్టుకున్న నుజ్‌లాక్ అనే పద్ధతి ఒకటుంది. అందులో పడిపోయినదాన్ని నిజంగా చచ్చినట్టే లెక్కగట్టి వదిలేయాలి. ప్రతి చోటా మొదట ఎదురైనదాన్నే పట్టాలి, దానికి తప్పనిసరిగా పేరు పెట్టాలి. మీరు చెప్పిన దక్కడం అక్కడ అక్షరాలా నియమం. పేరు పెట్టించడం కూడా ఊరికే కాదు, పేరున్నవాటిని ‘ఆరు’ అనడం కష్టం.

ప్రశ్న వేసినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. నేనేమీ దిద్దలేదు, ఈ చర్చలోని సంగతి చెప్పకుండా, ఉత్తరాన్ని నోటితో అమ్మమ్మకు చెప్పినట్టు మళ్లీ రాయమన్నాను, అంతే. ఈసారి ఇలా రాసింది: “అమ్మమ్మా, నేను జట్టు కట్టాను. మా జట్టులో ఐదుగురు ఉన్నారు. చెట్లు నరకడానికి ఇంకొకటి ఉంది.”