తొమ్మిది, పది తరగతుల్లో పిల్లలు బడి మానేయడానికి కారణం వలసా, చదువు అందకపోవడమా?

నాగావళి గట్టు:
ఎనిమిది దాకా పిల్లలు ఉంటున్నారు. తొమ్మిది, పదిలోకి వచ్చేసరికి బెంచీలు ఖాళీ. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకే. 2025 జూన్ నుంచి తల్లికి వందనం పథకం కింద ఇంట్లో ఎంతమంది చదువుకుంటే అంతమందికీ 13,000 చొప్పున తల్లి ఖాతాలో పడుతోంది. అయినా మానేస్తున్నారంటే వలసే కారణమని నా వాదన. మా వైపు వరి ఒక్క పంటే. సంక్రాంతి దాటాక విశాఖ, హైదరాబాద్, చెన్నైల్లో బిల్డింగ్ పనులకు ఇంటిల్లిపాదీ బయల్దేరతారు. పదో తరగతి పరీక్షలేమో మార్చిలో. రివిజన్ జరిగే రోజుల్లో పిల్లాడు ఊళ్లోనే ఉండడు.

లెక్కల మాస్టారు, గజపతినగరం వైపు:
వలస నిజమే. కానీ ఒకే వీధిలోంచి రెండు కుటుంబాలు వెళ్తే, ఒకింటి పిల్ల అమ్మమ్మ దగ్గరుండి పది రాస్తోంది, ఇంకో ఇంటి పిల్లాడు తండ్రితో సిమెంటు మోస్తున్నాడు. ఎవరు ఉండిపోతున్నారో చూడండి. చదువు అందినవాళ్లు! భాగహారం రాని పిల్లాడిని ఎక్కడా ఆపకుండా తొమ్మిదికి తెచ్చి, వాడి ముందు బహుపదులు పెడుతున్నాం. తెలుగులో వాక్యం కూడబలుక్కునేవాడికి ఇంగ్లీషు మీడియం. పుస్తకాల్లో రెండు భాషలూ పక్కపక్కన అచ్చువేయడం మంచి పనే, కానీ చదవగలిగినవాడికే కదా అది ఉపయోగం. ఏమీ అర్థం కాకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోవడం ఎంత అవమానమో పెద్దవాళ్లం మరిచిపోతాం. అలాంటివాడికి ‘బాగా చేశావురా’ అన్న మాట మొదటిసారి మేస్త్రీ నోట వినిపిస్తుంది. కూలి డబ్బులు ఆ తర్వాతి సంగతి.

పలాస అక్క:
మీ ఇద్దరూ మగపిల్లల గురించే చెప్తున్నారు. ఆడపిల్లల్లో బాగా చదివే గుంట కూడా మానేస్తోంది. హైస్కూలు పక్క ఊళ్లో. స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి పడుతుంది, బస్సుండదు, ఆటోలో ఒక్కదాన్నీ పంపరు. అమ్మ జీడిపిక్కల పనికెళ్తే చిన్నోళ్లని చూసేది ఈ పిల్లే. కొన్నాళ్లకి తనూ ఆ పనికే. ఇక సంబంధాలు చూడ్డం మొదలు. 18 నిండకుండా ఆడపిల్లకి పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. బడికొచ్చే పిల్లయితే నాలుగు రోజులు కనబడకపోతే టీచరైనా అడుగుతారు. మానేసిన పిల్లని ఎవరడుగుతారు? అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటొచ్చిన పిల్లలు నిలబడుతున్నారు. అక్కడ రోజూ దారి భయం లేదు, ఇంటి పనీ లేదు.

ఎచ్చెర్ల తమ్ముడు:
నాన్న గుజరాత్‌లో వేరావల్ చేపల బోట్ల మీదకి వెళ్లేవారు, మేం నాయనమ్మ దగ్గర. పదిలో లెక్కలు తప్పాను. సప్లిమెంటరీకి ఫీజు ఎప్పటిలోగా కట్టాలో ఎవరూ చెప్పనేదు. అలా పనికెళ్లిపోనాను. మానేసినోళ్ల లెక్కలో నేను ఉండను, పది దాకా చదివినోడినే కదా.

నాగావళి గట్టు:
అక్కా, దారి సంగతి నిజం. మాస్టారూ, మీరు చెప్పిన పిల్లకి అమ్మమ్మ ఉంది. లేనివాళ్ల మాటేంటి? వలస కుటుంబాల పిల్లలకి సీజనల్ హాస్టళ్లు నడిపే వీలు సమగ్ర శిక్ష పథకంలో ఉంది. సంక్రాంతి నుంచి ఆఖరి పరీక్ష దాకా వలస మండలాలన్నిటిలో అవి నడవాలని కలెక్టరు గారికి అర్జీ పెడదాం.

లెక్కల మాస్టారు, గజపతినగరం వైపు:
పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. భాగహారం దగ్గర్నుంచి నేర్పే మనిషిని కూడా ఇవ్వమని అందులో రాయండి. అదీ జనవరిలో కాదు, జూన్‌లో, తొమ్మిదిలో చేరినప్పుడే. తమ్ముడూ, సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా నువ్వు ఇప్పుడైనా పది రాయొచ్చు. ఏ లెక్క దగ్గర ఆగిపోయావో ఇక్కడే రాయి, అక్కడి నుంచి మొదలుపెడదాం.