అప్‌డేట్: జింక్ రేకులకు చిల్లులు ఎందుకు పడ్డాయో తేలింది

గాల్వనైజింగ్ యూనిట్ (ఇనుముకు జింక్ పూత వేసే చోటు) నుంచి తెచ్చిన జింక్ బూడిదను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి ఎలక్ట్రోవిన్నింగ్ (కరెంట్ పంపి ద్రావణంలోని జింక్‌ను రేకులుగా పట్టించడం) చేస్తుంటే రేకులకు చిల్లులు పడుతున్నాయని, జింక్‌లో లెడ్ (సీసం) ఎక్కువగా వస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కరెంట్ తగ్గించి చూస్తే ఏమీ మారలేదు. విశాఖ జింక్ ప్లాంటులో పనిచేసి రిటైరైన సార్ ఒకరు "ముందు ద్రావణం టెస్ట్ చేయించు బాబూ" అన్నారు. ఆ మాటే దారి చూపింది.

లెడ్‌కు కారణం క్లోరైడ్. గాల్వనైజింగ్‌లో పూత బాగా అంటడానికి వాడే ఫ్లక్సే జింక్ అమ్మోనియం క్లోరైడ్, కాబట్టి బూడిదలోకి అది వస్తుంది, లెడ్-సిల్వర్ యానోడ్‌ను (కరెంట్ పాజిటివ్ వైపు పలకను) తినేస్తుంది, అలా ఊడిన లెడ్ జింక్‌లో చేరుతుంది. ఇప్పుడు బూడిదను ముందే వాషింగ్ సోడా కలిపిన వేడి నీళ్లతో కడుగుతున్నాం. ద్రావణంలో మాంగనీస్ లీటరుకు 4 గ్రాములు ఉంచాం, యానోడ్ మీద నల్లటి పొర కట్టి కాపాడుతోంది.

చిల్లులు నికెల్ వల్ల. అది చేరిన చోట హైడ్రోజన్ తేలిగ్గా పుట్టి, పట్టిన జింక్ మళ్లీ కరిగిపోతుంది. వెలుతురుకు పట్టుకుంటే రేకంతా సూదితో పొడిచినట్టు ఉండేది. వేడి ద్రావణంలో జింక్ పొడి, కొంచెం ఆంటిమొనీ (ఇదీ ఒక మూలకమే) వేసి నికెల్‌ను ద్రావణం నుంచి అడుగుకు దించేశాం. వడపోత మాత్రం చాలా జాగ్రత్తగా చేయాలి. లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు ఆంటిమొనీ మిగిలినా ఎఫిషియెన్సీ (పంపిన కరెంట్‌లో జింక్ పట్టడానికి పనికొచ్చే వంతు) పడిపోతుంది, ద్రావణం వేడెక్కితే ఇంకా ఎక్కువ. మన వైజాగ్ ఎండల్లో సెల్‌ను (కరెంట్ పంపే తొట్టిని) 38 డిగ్రీల దగ్గర నిలపడమే ఇప్పుడున్న టెన్షన్. కూలింగ్ కాయిల్‌కు ఏ మెటీరియల్ మంచిదో తెలిసినవాళ్లు చెప్పండి.