‘భూధర’ ఒక అంకెనా, రెండంకెలా? శర శశి పద్యంలో లెక్క

కందుకూరు నుంచి ప్రశ్న:

గణిత కవి పావులూరి మల్లనదిగా చెప్పుకునే చంపకమాల ఇది. చదరంగం మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8 అని రెట్టిస్తూ పోతే 64 గళ్ళకూ కలిపి ఎంతో చెబుతుంది. ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు: చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి అంటే 1.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

నేను వేస్తే 21 అంకెలు వచ్చాయి. మా అమ్మాయి కంప్యూటర్లో చూస్తే 20 అంటోంది. పద్యంలో తప్పుందా?

ఒంగోలు నుంచి జవాబు:

పద్యంలో తప్పు లేదన్నా. రెండూ భూమే కాబట్టి భూ 1, ధర 1 అని విడదీసి ఉంటారు. అది భూధర, అంటే కొండ, 7. ప్రాస కోసం రెండో అక్షరం ‘ర’ రావాలి కాబట్టి మాట పాదం చివర తెగింది. కుంజర కూడా అలాగే తెగింది, చూడండి.

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే 18446744073709551615.

క్యాలిక్యులేటర్ లేకుండానే సరిచూసుకోవచ్చు. మొదటి రెండు గళ్ళు కలిపితే 3, తర్వాతి రెండూ కలిపితే 12, ఏ జంట చూసినా 3 తో తెగుతుంది. కాబట్టి మొత్తం కూడా తెగాలి. అంకెలన్నీ కూడి చూడండి.

నెల్లూరు నుంచి:

అయిదుకి మూడుసార్లలో రెండుసార్లు శర అని, ఒకసారి సాయక అని ఎందుకు అన్నాడు? రెండూ బాణాలే కదా.

ఒంగోలు నుంచి:

యతి కోసం. పాదం ‘శ’తో మొదలైంది, పదకొండో అక్షరం ‘సా’ దానికి కుదిరింది. రెండో పాదం ‘ధ’తో మొదలైంది, అందుకే అక్కడ ఆరుకి షట్క కాకుండా తర్క. నాలుగుకి మాత్రం నాలుగు వేర్వేరు మాటలు వాడాడు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. లెక్క ఒక్క అంకె తప్పకుండా, ఛందస్సు ఒక్క గణం తప్పకుండా నడిపించడం ఎంత కష్టమో పద్యం రాసేవాళ్ళకు తెలుసు. నాకు ఈ పద్యం మీద ప్రేమ అందుకే.

సంఖ్య కూడా అందమైనదే. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం, ఏదీ రెండోసారి రాదు. అందువల్ల భాజకాలు సరిగ్గా 128. తనను వదిలి మిగతా 127 భాజకాలనూ కూడినా ఈ సంఖ్యలో ముప్పాతిక వంతు రాదు, కాబట్టి పరిపూర్ణ సంఖ్య (ఆ మొత్తం సరిగ్గా తనంతే వచ్చేది) కాదు. చివరి గడి తర్వాత 65వ గడి ఉంటే అందులో పడే సంఖ్య కన్నా ఇది సరిగ్గా ఒకటి తక్కువ. 641, 6700417 గుణిస్తే 4294967297 వస్తుంది. అది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు, 641 తో తెగుతుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ చూపించాడు.

కందుకూరు నుంచి:

అంకెలన్నీ కూడి చూశాను. భూధరకు 7 వేస్తే 87, మూడుతో తెగింది. ఇందాక నేను రాసుకున్న 21 అంకెల మొత్తం 82.