గ్రీన్‌లాండ్ ప్యాడిల్ పొడవు ఎంత తీసుకోవాలి? నాది కింద నుంచి వేసే స్ట్రోక్

కయాక్‌కొత్త:
ఇన్నాళ్లూ వెడల్పు బ్లేడున్న ఫైబర్ ప్యాడిల్ వాడాను, కాసేపు గట్టిగా వేస్తే భుజాలు పట్టేస్తున్నాయి. చెక్కతో చేసే, సన్న బ్లేడుల గ్రీన్‌లాండ్ రకం తెడ్డుకి మారదామని ఉంది. నేను చేతులు పెద్దగా పైకెత్తను, నిదానంగా చాలాసేపు వేస్తాను, నా కయాక్ (సన్నటి చిన్న పడవ) వెడల్పు 55 సెం.మీ. పొడవెంత ఉండాలి? ఇంకో డౌట్, తెలిసినవాళ్లది అడిగి వేసి చూస్తే బ్లేడు నీళ్లలో అటూ ఇటూ కొట్టుకుంది. తప్పు తెడ్డుదా, నాదా?

తెడ్డురాయుడు:
పాత పద్ధతిలో మనిషిని బట్టే కొలుస్తారండీ, ఒక బార, దానిమీద ఒక మూర. చాలామందికి 210 నుంచి 225 సెం.మీ. మధ్యలో వస్తుంది. కానీ నన్నడిగితే అందరూ పొడవు దగ్గరే ఆగిపోతారు, అసలు చూసుకోవాల్సింది మధ్య కాడ, అంటే రెండు బ్లేడుల మధ్య ఉండే భాగం. బొటనవేలు, చూపుడువేలు కాడని పట్టుకుని మిగతా వేళ్లు బ్లేడు మొదలు మీద వాలాలి, చేతుల మధ్య దూరం భుజాలంత లేదా కాస్త ఎక్కువ ఉండాలి. మీలా కింద నుంచి వేసేవాళ్లకి కాడ మరీ కురచైతే చేతులు దగ్గరికొచ్చి ఇరుకైపోతుంది. బ్లేడు వెడల్పు 8, 9 సెం.మీ. చాలు, గుప్పిట్లో పట్టాలి, లేకపోతే చెయ్యి జరిపి పట్టుకోవడం కుదరదు.

అలవాటైనవాడు:
కొట్టుకోవడం చాలావరకు తెడ్డు తప్పు కాదు బ్రో. బ్లేడుని నిటారుగా పట్టుకుని లాగుతున్నట్టున్నావు. పై అంచుని కొంచెం ముందుకి వంచి వెయ్యి, అదే నీళ్లని కోసుకుంటూ లోపలికి దిగుతుంది. ఇంకోటి, బ్లేడు మొత్తం మునగకముందే లాగితే గాలిని కూడా లాక్కుపోతుంది, గుడగుడ చప్పుడొస్తే అదే. మొదట్లో మెత్తగా మొదలుపెట్టి తర్వాత బలం పెంచు. ఫైబర్ దానిలా వేసిన వెంటనే గుంజితే ఇది ఊరుకోదు.

రంపంపొట్టు:
చెక్క సంగతి ఎవరూ చెప్పలేదు. వెస్టర్న్ రెడ్ సెడార్ తేలిక, చాలాసేపు వేసేవాళ్లకి హాయి, కాకపోతే మెత్తన, రాళ్లకి తగిలితే అంచులు నొక్కుకుపోతాయి. స్ప్రూస్ ఇంకాస్త గట్టిది. వార్నిష్ మందంగా పూయించుకోకండి, తడి చేతికి జారుతుంది, నూనె పట్టించింది నయం.

కయాక్‌కొత్త:
థ్యాంక్సండీ అందరికీ. కొలిచాను, బార 172, మూర 46, మొత్తం 218. కాడ 55 చెప్పేయనా?

తెడ్డురాయుడు:
218 బాగానే ఉంది. కాడ మాత్రం 50 చెప్పండి. వాడి చూశాక ఇరుకనిపిస్తే బ్లేడు మొదలు చెక్కి పెంచుకోవచ్చు, ఎక్కువైతే తగ్గించడానికి చెక్క ఉండదు.